రెండో క్వార్టర్‌బ్యాక్ నాన్నగారి గుండు

భీమశంకరానికి యాభై ఒకటో ఏడు నడుస్తున్నా, జుట్టు మాత్రం ముప్పై దగ్గరే ఆగిపోయింది. టెక్సాస్‌లోని కాపెల్‌లో ఆయన ఈడు తెలుగు మగవాళ్ళందరూ ఒక్కొక్కరే టోపీలకి అలవాటు పడుతుంటే, ఆయన కారు అద్దంలో చూసుకుని, పాపిడి సవరించుకుని మరీ దిగేవాడు. రంగు కూడా వెయ్యడు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా తనే చెప్పేవాడు. అలాంటి మనిషి 2012 అక్టోబరులో ఆ జుట్టే దేవుడికి ఇస్తానని మొక్కుకున్నాడంటే, కోరిక ఎంత పెద్దదో మీరే ఊహించుకోండి.

కోరిక ఇదీ: కొడుకు అనీష్ ఒక్క మ్యాచ్‌లోనైనా ఆడాలి.

ఇందులో కొంత పాత కథ ఉంది. భీమశంకరం గుడివాడలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ కాలేజీ క్రికెట్ జట్టులో పన్నెండోవాడు. మూడేళ్ళలో ముందున్న పదకొండు మందిలో ఒక్కడికీ జ్వరం రాలేదు, ఒక్కడికీ కాలు బెణకలేదు. దుక్కల్లా ఉండేవాళ్ళు. జట్టు గ్రూపు ఫోటోలో అందరి చేతుల్లో బ్యాట్లూ బంతులూ ఉంటే ఈయన చేతిలో నిమ్మకాయ షర్బత్ గ్లాసుల ట్రే ఉంది. ఆ ఫోటోని 2001లో సామానుతో పాటు టెక్సాస్ తెచ్చుకున్నాడు గానీ, గోడకి పెట్టలేదు. గరాజ్‌లో అట్టపెట్టె అడుగున ఉంది.

టెక్సాస్‌లో ఆయన ఒక బీమా కంపెనీలో బిజినెస్ అనలిస్ట్. కంపెనీకి ఏం కావాలో కనుక్కుని, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి ఒక్క అనుమానం కూడా మిగలకుండా రాసివ్వడం ఆయన పని. ఆయన రాసిన కాగితంలో 'మొదలైనవి' అనే మాట వెతికినా దొరకదు. "అలా రాస్తే వాళ్ళకి తోచింది వాళ్ళు చేసేస్తారు" అని కొత్తగా చేరిన పిల్లలకి పాఠాలు చెప్పేవాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

అనీష్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పడ్డాడు. పొడుగ్గా ఉంటాడు, బంతి దూరంగా విసురుతాడు. 2009లో కాపెల్‌కి మూడు గంటల దూరంలో, పడమటి దిక్కున, బ్రష్ క్రీక్ అనే చిన్న ఊళ్ళో చిన్న కాలేజీలో చేరాడు. చదువు అకౌంటింగ్. ఆటలో క్వార్టర్‌బ్యాక్. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టుకి బుర్ర లాంటివాడు. బంతి ముందుగా అతని చేతికే వస్తుంది, దాన్ని ఎవరికి ఎప్పుడు విసరాలో అతనే తేల్చాలి. చిక్కేమిటంటే, పదకొండు మందిలో ఆ పని ఒక్కడిదే. బ్రష్ క్రీక్‌లో ఆ ఒక్కడు క్లేటన్ అనే కుర్రాడు. అనీష్ రెండోవాడు. ఇద్దరూ ఒకే ఏడు చేరారు, ఒకే గదిలో ఉంటారు, ఒకే ఏడు పూర్తి చేస్తారు. అంటే క్లేటన్ వెళ్ళిపోయాక చూద్దాంలే అనుకోవడానికి కూడా లేదు. అనీష్ టోపీ పెట్టుకుని, గీత బయట నిలబడి, కోచ్ చెప్పిన ఎత్తుని చేతి సైగలతో క్లేటన్‌కి అందించేవాడు. నాలుగేళ్ళుగా అదే.

ఆ నాలుగేళ్ళూ ప్రతి సీజన్‌లోనూ శనివారాలు భీమశంకరం బ్రష్ క్రీక్ వెళ్ళేవాడు. స్టాండ్స్‌లో ఆయన పక్కసీటు క్లేటన్ వాళ్ళమ్మ ప్యాటీది. స్కూలు బస్సు నడిపే మనిషి, గొంతు కూడా బస్సంత. ఈయనకి ఆట నేర్పింది ఆవిడే. చలేస్తే తన దుప్పటి సగం ఈయన మోకాళ్ళ మీద కప్పేది. నాచోస్ అనే మొక్కజొన్న చిప్స్ ట్రే మధ్యలో పెట్టేది. రాధారాణి, అంటే ఈయన భార్య, అప్పుడప్పుడూ పులిహోర పంపితే వేళ్ళు నాక్కుంటూ తినేది. వాళ్ళ వెనక వరసలో మూడో క్వార్టర్‌బ్యాక్ తండ్రి కూర్చునేవాడు. పేరు డెన్నిస్, ఎర్రజుట్టు, సన్నగా ఉంటాడు. ఎల్‌పాసో నించి ఎనిమిది గంటలు నడుపుకుంటూ వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా చూసి వెళ్ళిపోయేవాడు.

ఇదంతా సాఫీగానే సాగేది, ఆ దసరాకి వీరభద్రం వాళ్ళింట్లో బొమ్మల కొలువు పేరంటం లేకపోతే.

"ఏం శంకరం, రేపు కూడా వెళ్తున్నావా?" అన్నాడు వీరభద్రం, శనగల గిన్నె చేతికిస్తూ.

"వెళ్తున్నా."

"మనవాణ్ణి ఆడిస్తారా?"

"ఆడించడమంటే... జట్టులో ఉన్నాడు కదా."

"అంటే రానూపోనూ ఆరు గంటలు డ్రైవ్ చేసి, వాడు నిలబడటం చూసొస్తున్నావన్నమాట! ఇంట్లోనే నిలబెట్టి చూసుకోవచ్చు కదయ్యా, కారు గ్యాస్ ఖర్చు కలిసొస్తుంది!"

హాల్లో ఉన్న మగవాళ్ళందరూ నవ్వారు. భీమశంకరం కూడా నవ్వాడు. శనగల గిన్నె మాత్రం ముట్టుకోకుండా బల్ల మీద పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే రాధారాణి స్నానానికి వెళ్ళిన సమయం చూసి, మెట్ల కింద క్లాజెట్‌లో అమర్చిన దేవుడి గదిలోకి దూరాడు. హారతి పళ్ళెం ముందుకొస్తే ఫోన్ చూసుకునే మనిషి ఆయన. వెంకటేశ్వరస్వామి పటం ముందు నిలబడేసరికి ఎలా మొదలెట్టాలో తెలియలేదు. "స్వామీ, మావాడికి ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం ఇప్పించు. నా తలనీలాలు ఇచ్చుకుంటాను" అని గబగబా అనేసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి బయటపడ్డాడు.

అదే రోజు మధ్యాహ్నం, ఆట మూడో భాగంలో, అవతలి జట్టు అరవై రెండో నంబరువాడు వెనక నించి వచ్చి క్లేటన్‌ని గుద్దేశాడు. క్లేటన్ ఎడమ భుజం మీద పడ్డాడు. లేవలేదు. గీత దగ్గర అనీష్ టోపీ తీసి, హెల్మెట్ పెట్టుకున్నాడు.

భీమశంకరం చూసింది ఆ హెల్మెట్‌నే. లేచి నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించి, తల పైకెత్తాడు. 'ఇంత తొందరగానా స్వామీ!' అనుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా చేతిలో ఉన్న ట్రే ఎవరో అందుకున్నట్టనిపించింది.

కళ్ళు తెరిచేసరికి ప్యాటీ ఆయన్నే చూస్తోంది. నోటి మీద చెయ్యి, కళ్ళనిండా నీళ్ళు.

"శంకర్, మావాడి కోసం ప్రార్థిస్తున్నావా?" అని గట్టిగా కావలించుకుంది. ఆవిడ భుజం మీంచి చూస్తే మైదానంలో క్లేటన్ చెయ్యి పట్టుకుని దొర్లుతున్నాడు. అప్పుడు చూశాడు భీమశంకరం, మొదటిసారి.

కాలర్‌బోన్ విరిగింది. సీజన్ అయిపోయింది. నాలుగో ఏడు కాబట్టి క్లేటన్‌కి ఆటే అయిపోయింది. అనీష్ ఆ రోజు ఎలా ఆడాడని రాధారాణి ఫోన్‌లో అడిగితే ఈయన చెప్పలేకపోయాడు. ఏమీ చూడలేదు మరి.

బుధవారం బ్రష్ క్రీక్ నించి ఒక కార్డు వచ్చింది. ప్యాటీ వెళ్ళే చర్చిలో ముప్పై ఒక్కమంది సంతకాలు చేశారు. 'మా క్లేటన్ నేల మీద పడ్డ క్షణంలో అందరికంటే ముందు చేతులు జోడించిన శంకర్‌కి' అని రాసి ఉంది. ఒకావిడ చిన్న పావురం బొమ్మ కూడా వేసింది. భీమశంకరం దాన్ని కారు గ్లవ్ బాక్స్‌లో, ఇన్సూరెన్స్ కాగితాల కింద దాచాడు.

శనివారం మ్యాచ్‌లో అనీష్ చిత్తుగా ఓడాడు. ఆ రాత్రి ఫోన్ చేస్తే గొంతులో ఉత్సాహం లేదు.

"పోన్లే నాన్నా, ఆడావు కదా, అదే చాలు" అన్నాడు ఈయన.

"నాన్నా, నాకు ఇలా వద్దు. క్లేటన్ రూమ్‌లో షర్ట్ వేసుకోలేకపోతున్నాడు, నేను బటన్స్ పెడుతున్నా. తర్వాత వాడి ప్లేస్‌లో వెళ్ళి ఆడుతున్నా. ఇట్స్ వియర్డ్."

"నీకు ఆడాలని లేదా ఏమిటి?"

"ఉంది. బట్ నేను బ్యాకప్‌గా హ్యాపీగానే ఉన్నా. వాడికి ఏ ప్లే ఇవ్వాలో నాకు తెలుసు. ఐ వాజ్ గుడ్ ఎట్ ఇట్. ఆడించారా, ఆడించారా అని ఎవ్రీ వీక్ నువ్వే అడుగుతావు నాన్నా. నేను ఎప్పుడూ అడగలేదు."

భీమశంకరం ఫోన్ పెట్టేసి గరాజ్‌లోకి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఆయనకే తెలీదు. కాసేపు అట్టపెట్టెల వైపు చూసి వచ్చేశాడు.

ఆదివారం రాధారాణి కారు తీసుకుని కూరలకి వెళ్ళింది. టిష్యూల కోసం గ్లవ్ బాక్స్ తెరిచింది. ఇంటికొచ్చి తోటకూర కట్టలు ఒక చేత్తో, కార్డు ఇంకో చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఎవరండీ ఈ ముప్పై మందీ? మీరు ప్రార్థన చెయ్యడమేమిటి? హారతి కళ్ళకద్దుకోమంటే వేలు కాలుతుందనే మనిషి!"

భీమశంకరం చెప్పేశాడు. మొత్తం చెప్పాడు. రాధారాణి తోటకూర బల్ల మీద పెట్టి కూర్చుంది.

"ఏమని మొక్కారు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం ఇప్పించమని."

"అంతేనా? ఎవరికీ దెబ్బ తగలకుండా, అని అన్లేదా?"

"లేదు."

"పోనీ, జట్టు ముందే బాగా గెలిచేసి, ఆఖర్న మనవాణ్ణి సరదాగా దింపేట్టు?"

"అనలేదు రాణీ."

"అక్కడ ఆడేది ఒక్కడేనని మీకు తెలుసు. ఆ ఒక్కడూ పక్కకి తప్పుకుంటే గానీ మనవాడు వెళ్ళడనీ తెలుసు. ఎలా తప్పించాలో స్వామికే వదిలేశారా? మరి పొద్దస్తమానం ఆఫీసులో కూర్చుని ఏం రాస్తారండీ మీరు!"

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరూ ఆయన్ని అంత సూటిగా తప్పు పట్టలేదు.

"ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు తిరుపతిలో..." అని గొణిగాడు.

"చాల్లెండి. కోరిక తీరాక స్వామిని ఆగమంటారా? పిల్లాడు నిన్న ఓడిపోయాడు కూడా. ఇక్కడ తీయించి, జుట్టు మూటకట్టి తర్వాత తిరుపతి హుండీలో వేద్దాం. విశ్వనాథం గారితో నేను మాట్లాడతాను."

మంగళవారం గుళ్ళో పురోహితుడు విశ్వనాథం గారు సంకల్పం చెప్పి, మూడు కత్తిరింపులు కత్తిరించి, "మిగతాది బయట చేయించుకోండి, ఇక్కడ కార్పెట్" అన్నారు. బయట అంటే ఇండియన్ గ్రోసరీ పక్కన కొరియా ఆవిడ నడిపే బార్బర్ షాపు. క్లిప్పర్ నంబరెంత అని ఆవిడ అడిగితే, "జీరో" అన్నాడు భీమశంకరం. ఆవిడ ఆ జుట్టు చూసి, "ష్యూర్?" అంది. మళ్ళీ అంది. మూడోసారి రాధారాణి, "ష్యూర్" అంది.

ఆ గుండు ఆయన్ని పెట్టిన ఇబ్బంది అంతా ఇంతా కాదు. ఆఫీసులో మేనేజర్ తలుపు వేసి, గొంతు తగ్గించి, ట్రీట్‌మెంట్‌కి ఎన్ని రోజులు సెలవు కావాలన్నా తీసుకోమన్నాడు. కాదు బాబూ, నాకేం జబ్బు లేదంటే, ధైర్యంగా ఉన్నావని మెచ్చుకున్నాడు. వీరభద్రం, "తిరుపతి వెళ్ళొచ్చి చెప్పనేలేదే, లడ్డూ ఏదయ్యా?" అని అడిగాడు. ఇవన్నీ ఆయన ఓర్చుకోగలిగాడు. ఓర్చుకోలేకపోయింది శనివారం ప్యాటీ ముఖాన్ని.

ఆవిడ దూరం నించే చూసింది. మెట్ల మీద ఆగిపోయింది.

"నీ జుట్టు! శంకర్, నీ జుట్టేది?"

"మా దేవుడికి... ఇచ్చాను."

"క్లేటన్ కోసమా?"

భీమశంకరం చెబుదామనే నోరు తెరిచాడు. ఆవిడ అప్పటికే ఏడుస్తూ, ఒక చేత్తో ఆయన తల నిమురుతూ, రెండో చేత్తో నాచో ఒకటి ఆ తెరిచిన నోట్లో పెట్టేసింది. నమిలి మింగేసరికి సమయం మించిపోయింది. ఆవిడ ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టేసింది.

పైగా ఆ రోజు అనీష్ గెలిచాడు.

సోమవారానికి జట్టులో నలుగురు కుర్రాళ్ళు గుండు చేయించుకున్నారు. బుధవారానికి అరవై మంది. గురువారం అనీష్ ఫోటో పంపాడు: వాడూ గుండే, పక్కన చేతికి కట్టుతో క్లేటన్, వాడూ గుండే. 'నీవల్లే నాన్నా. క్లేటన్ ఫస్ట్ టైమ్ నవ్వాడు' అని కింద రాశాడు. ఆ ఫోటోని భీమశంకరం ఎక్కువసేపు చూడలేకపోయాడు.

నవంబరు పదిన ఆఖరి మ్యాచ్. ఆ రోజు ఆట మొదలయ్యే ముందు, నాలుగో ఏడు కుర్రాళ్ళని తల్లిదండ్రులతో సహా మైదానం మధ్యకి నడిపించి, ఒక్కొక్కరి గురించి మైకులో రెండు మాటలు చెబుతారు. రాధారాణి పెద్ద డబ్బాలో పులిహోర కలుపుకుని తనూ బయల్దేరింది. దారంతా ఒకటే మాట.

"ఇవాళ చెప్పేస్తున్నారా?"

"చెబుతా."

"ఎప్పుడు?"

"వీలు చూసుకుని."

"మీ వీలు నాకు తెలుసు. నాచోస్ తెచ్చేలోపు చెప్పండి."

గేటు దగ్గరే ప్యాటీ ఎదురొచ్చింది. చేతిలో కాగితం. "నీ గురించి మైకులో చెప్పే రెండు మాటలూ నేనే రాశాను, చదవనా?" అంది చిన్నపిల్లలా. 'తన కొడుకు స్నేహితుడి కోసం మొదట ప్రార్థించిన మనిషి, తన జుట్టునే కానుకగా ఇచ్చిన మనిషి...'

"ప్యాటీ, ఒక్క నిమిషం" అని ఆవిణ్ణి పార్కింగ్‌లో ఆవిడ పికప్ ట్రక్కు పక్కకి తీసుకెళ్ళాడు. టోపీ కళ్ళ మీదకి లాక్కున్నాడు.

"ఆ రోజు నేను క్లేటన్ కోసం ప్రార్థించలేదు."

ఆవిడకి అర్థం కాలేదు.

"పొద్దున్నే దేవుణ్ణి అడిగాను, మావాడికి ఒక్క మ్యాచ్ ఇప్పించమని. మధ్యాహ్నం క్లేటన్ పడ్డాడు. అనీష్ హెల్మెట్ పెట్టుకున్నాడు. నేను లేచి దేవుడికి థాంక్స్ చెప్పాను. నువ్వు చూసింది అదే. జుట్టు కూడా అందుకే ఇచ్చాను. క్లేటన్ కోసం కాదు."

ప్యాటీ చేతిలో కాగితాన్ని రెండు మడతలు పెట్టింది. బ్యాండు వాయిద్యాలు సరిచూసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"మీ దేవుడు మావాడి ఎముక విరిచాడనా నువ్వనేది?"

"తెలీదు."

"విరిచింది ఆ అరవై రెండో నంబరువాడు. నా కళ్ళతో చూశాను. ఆ సంగతి వదిలెయ్." ఆవిడ గొంతు మామూలు కంటే బాగా చిన్నగా ఉంది. "నా కొడుకు నేల మీద ఉన్నాడు. నా పక్కన నిలబడి నువ్వు థాంక్స్ చెబుతున్నావు."

"అవును."

"మా చర్చిలో అందరికీ చెప్పాను, శంకర్. మా అమ్మకి చెప్పాను. ఆవిడకి తొంభై ఏళ్ళు, రోజూ నీ పేరు తలుచుకుంటోంది."

"ఆ కాగితం చింపెయ్ ప్యాటీ. మైకులో చదవనివ్వద్దు."

"ఇది నా దగ్గరుంచుకున్న కాపీ. అసలుది పొద్దున్నే పైన మైకు గదిలో ఇచ్చేశాను" అని ఆవిడ గబగబా వెళ్ళిపోయింది.

మైకులో చదివారు. ఒక్క మాట వదలకుండా చదివారు. మైదానం మధ్యలో కొడుకు ఒక పక్క, రాధారాణి ఒక పక్క, భీమశంకరం నిలబడి ఉన్నాడు. పక్కనే క్లేటన్, ప్యాటీ. స్టాండ్స్‌లో జనమంతా లేచి చప్పట్లు కొడుతున్నారు. గీత వెంబడి అరవై గుండ్లు ఎండలో మెరుస్తున్నాయి. ప్యాటీ చప్పట్లు కొట్టలేదు. ముందుకే చూస్తూ, పెదవులు పెద్దగా కదపకుండా, "టోపీ తీయ్. వాళ్ళు చూడ్డానికి నిలబడ్డారు" అంది.

తీశాడు. నవంబరు గాలి నెత్తికి సూటిగా తగిలింది. ఏమీ ఎరగని క్లేటన్ బాగున్న చేత్తో ఆ గుండు మీద ఆప్యాయంగా ఒక్కటిచ్చాడు. దానికంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి.

స్టాండ్స్‌లోకి వచ్చాక ప్యాటీ ఎప్పటి సీట్లోనే కూర్చుంది. మధ్యలో మాత్రం తన సంచీ పెట్టింది. దుప్పటి మొత్తం తనే కప్పుకుంది.

"చెప్పారా?" అని గుసగుసగా అడిగింది రాధారాణి.

"చెప్పాను."

"ఏమంది?"

"టోపీ తీయమంది."

ఆట ఆఖరి భాగంలో అనీష్ బంతి విసిరాడు. విసిరిన మరుక్షణం ఇద్దరు మీద పడ్డారు. వాళ్ళు లేచారు, అనీష్ లేవలేదు.

రాధారాణి లేచి నిలబడిపోయింది. చేతిలోని పులిహోర డబ్బా మూత కింద పడి దొర్లింది. భీమశంకరం చేతులు వాటంతటవే పైకి లేవబోయాయి. ఆయన వాటిని గబుక్కున తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. ఆ చేతులు జోడిస్తే ఇంకేం జరుగుతుందో! మళ్ళీ ఏం అడగాలి, ఎలా అడగాలి, ఈసారి తను ఏ మాట వదిలేస్తాడో అని భయం. పక్కన ప్యాటీ సంచీ తీసి కింద పెట్టింది. దగ్గరికి జరిగి, కళ్ళు మూసుకుని, సరిగ్గా ఆ రోజు ఆయన పెట్టినట్టే రెండు చేతులూ జోడించింది.

అప్పుడెందుకో భీమశంకరం వెనక్కి తిరిగి చూశాడు.

వెనక వరసలో డెన్నిస్ సగం లేచి ఉన్నాడు. పాప్‌కార్న్ సంచీని రెండు చేతుల మధ్యా గుండెకి అదుముకుని, కింద గీత దగ్గర హెల్మెట్ అందుకుంటున్న తన కొడుకుని చూస్తున్నాడు. ఆ ముఖంలో వెలుగు ఏమిటో ప్రపంచంలో ఇంకెవరికీ తెలియకపోయినా భీమశంకరానికి తెలుసు. ఇద్దరి చూపులూ కలిశాయి. డెన్నిస్ మెడ దాకా ఎర్రబడ్డాడు. కూర్చోవాలో నిలబడాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

మైదానంలో అనీష్ మెల్లగా లేచి కూర్చున్నాడు. తర్వాత నిలబడ్డాడు. ఊపిరి పట్టేసిందంతే. చెయ్యి ఊపాడు. జనం హుషారుగా అరిచారు. గీత దగ్గర మూడోవాడు హెల్మెట్ తీసి మళ్ళీ బెంచీ మీద పెట్టాడు. డెన్నిస్ నెమ్మదిగా కూర్చుని, పాప్‌కార్న్ సంచీలోకి చూడసాగాడు.

భీమశంకరం తొడల కింది నించి చేతులు తీశాడు. మొద్దుబారిపోయాయి. రాధారాణి చేతుల్లోంచి పులిహోర డబ్బా తీసుకుని వెనక్కి తిరిగి, డెన్నిస్ చేతిలో పెట్టాడు.

"తిను. కొంచెం కారం ఉంటుంది."

"నేను... నేనేం..." అన్నాడు డెన్నిస్.

"తెలుసు. తిను."

ప్యాటీ కళ్ళు తెరిచి, వెనక్కి ఒకసారి, ఈయన వైపు ఒకసారి చూసింది. అంతా అర్థమైనట్టుంది. దుప్పటి కొస ఒకటి విసురుగా ఆయన గుండు మీద పడేసింది.

"మావాడికి ఇంకా షర్టు గుండీలు పెట్టుకోవడం రావట్లేదు. రేపు వచ్చి నువ్వు పెట్టు" అంది.

"పొద్దున్న ఎన్నింటికి?" అన్నాడు భీమశంకరం, దుప్పటి కింద నించి.